జోధ్‌పూర్‌లో తమ్ముడు మోసిన బకెట్టు

జోధ్‌పూర్ స్టేషన్లో దిగింది మే నెలలో, మిట్టమధ్యాహ్నం. ప్లాట్‌ఫారం బెంచీ మీద చెయ్యి ఆనించలేకపోయాం. నా తల మీద నల్ల ట్రంకుపెట్టె, భుజాన హోల్డాల్. వెనక నా భార్య, చంకలో పాప. ఆ వెనక నా తమ్ముడు దావీదు, నీళ్ల సీసా పట్టుకొని.

"ఏందిన్నా, ఈ ఊర్లో గాలిని గూడా పెనం మీద కాలుస్తాండారా?" అన్నాడు.

"మన జమ్మలమడుగు ఎండ దీనికి చెల్లెలు లేప్పా," అంది నా భార్య.

మిలిటరీలో బదిలీ నాకు. వాణ్ణి తెచ్చింది అమ్మ మాట మీద. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. ఊరు రెండు పార్టీలు. మా చర్చి వీధంతా ఒక పార్టీని నడిపే పెద్దాయన పొలాల్లో పని చేసేది. దావీదు ఆయన జీపెక్కి తిరగడం మొదలుపెట్టాడు. నా సెలవు అయిపోయిన రోజు అమ్మ నా బూట్లు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఇవ్వదు.

"వాన్ని గూడా తీస్కపో నాయనా. ఈడుంటే మిగలడు."

కంటోన్మెంటులో మాకు రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. గేటు బయట టైర్ల షాపులో దావీదు పనికి కుదిరాడు. ఆ ఊర్లో వేసవిలో అందరూ మిద్దె మీదే పడుకుంటారు. వాడు మాత్రం ఉక్కలో, లోపలే, తలుపుకు ఎదురుగా గోడకు వీపు పెట్టి పడుకునేవాడు.

జూన్‌లో మా ప్లటూన్ సరిహద్దు పోస్టుకు పోయింది. పొద్దెక్కితే ఇసుక గాలి. రైఫిల్ మూతికి గుడ్డ కట్టేవాళ్లం. గుడ్డ లేకుండా బోల్టు ముట్టుకుంటే చెయ్యి బొబ్బ. మనిషికి పొద్దున ఒక సీసా నీళ్లు, సాయంత్రం ఒకటి. ఒక మధ్యాహ్నం బంకర్లో వైర్‌లెస్ ఆపరేటర్ నన్ను పిలిచాడు. మలయాళీ మనిషి.

"ఆంధ్రా, నీ ఇంటి నుంచి సందేశం. తమ్ముడు ఊరికి పోతున్నాడు, వెంటనే రమ్మంటున్నారు."

సుబేదార్ సాబ్ దగ్గరికి పోయాను.

"ఊర్లో ఎవరైనా చనిపోయారా?"

"ఇంకా లేదు సాబ్."

"ఇంకా అంటే?"

"ఎలక్షన్లు సాబ్."

ఆయన డ్యూటీ పుస్తకంలో నా పేరు వెతికాడు. "తెల్లారి నీళ్ల ట్యాంకర్ పోతుంది, ఎక్కు. మళ్లీ దాంట్లోనే రావాలి."

నేను ఇంటికి చేరేసరికి మంచం మీద సంచి సర్ది ఉంది. సాయంత్రం రైలు.

"టైర్ల షాపుకు ఫోన్ చేయించినాడన్నా పెద్దాయన. పోకుంటే ఎట్ల? మన నాయన సచ్చిపోతే గుంత తవ్విచ్చింది ఆయనే గదా."

"తవ్విచ్చినాడు. నీకూ తవ్విస్తాడు, పో."

"అమ్మకు ఏం సెప్పమంటావు అబ్బయ్యా?" అంది నా భార్య. వాడు సంచి మూతి బిగించి కట్టాడు.

అప్పుడే వరండాలోంచి పాప నవ్వు వినిపించింది. గడప ముందర ఒక బకెట్టు. నిండా రంపపు పొట్టు, పైన తడి గోనెపట్ట. ఎవరు పెట్టారో తెలియదు. మా వైపు నాటు బాంబులు ఒకదానికొకటి తగలకుండా అట్లాగే పొట్టులో పెట్టి మోస్తారు. పాప చెయ్యి గోనెపట్ట మీదికి పోతోంది.

దావీదు ఒక్క దూకు దూకి పాపను వెనక్కి నెట్టాడు. రెండు చేతులతో బకెట్టు అడుగు పట్టి లేపాడు.

"అన్నా, పాపను, వదినను ఎనక గదిలోకి తోలు. నా ఎంబడి రావద్దు."

బకెట్టు కదలకుండా, కాలి వేళ్ల మీద నడుస్తూ, ఖాళీ మైదానంలోకి పోయాడు. నేను వాళ్లను లోపల పెట్టి బయటికి వచ్చేసరికి పక్క క్వార్టరు హవల్దార్ భార్య అరుస్తోంది.

"బరఫ్! మా బరఫ్ ఎక్కడికి తీసుకుపోతున్నాడు?"

బరఫ్ అంటే ఐసు. వాళ్ల కొడుకు పుట్టినరోజుకు తెప్పించిన ఐసుగడ్డను బండివాడు పొరపాటున మా గడపలో దించిపోయాడు. ఆ ఎండలో ఐసు కరగకూడదని పొట్టులో పెడతారు.

పరుగెత్తాను. బకెట్టు ఇసుకలో ఉంది. వాడు దూరంగా దిబ్బ వెనక బోర్లా పడుకొని ఉన్నాడు. నేను పొట్టులో చెయ్యి పెట్టి గడ్డ బయటికి తీశాను.

"ఐసు రా, ఐసు!"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. వచ్చి కూర్చొని, రెండు అరచేతులు గడ్డ మీద ఆనించాడు.

"ఊర్లో బాంబుల బకెట్లు మోసిండావా?" అని అడిగాను.

"జీపు కాడికి మోయమంటే మోసినా. యాడ ఏసినారో అడగల్యా. ఆ గడపల్లో గూడా పాప మాదిరి పిల్లోళ్లు ఆడుకుంటాంటారని ఈ పొద్దు దాకా తట్టల్యా అన్నా."

చేతుల మధ్య నీళ్లు కారుతున్నాయి.

"పోతే మళ్లా బకెట్టే ఇస్తారు. నేను పోను."

సగం కరిగిన గడ్డ చూసి హవల్దార్ భార్య తిట్టిన తిట్లన్నీ తలొంచుకొని విన్నాడు. బజారుకు పోయి ఇంకో గడ్డ భుజాన మోసుకొచ్చి ఇచ్చాడు. సాయంత్రం రైలు వాడు లేకుండానే పోయింది.

జోధ్‌పూర్ డ్యూటీ ముగిసి నేను ఊరికి వచ్చినప్పుడు దావీదు రాలేదు. టైర్ల షాపులోనే ఉండిపోయాడు. వాడికి బదులు జీపెక్కిన మా వీధి పిల్లవాడికి బాంబు పేలి రెండు చేతులూ మణికట్ల దాకా పోయాయని బస్సులో విన్నాను.

జమ్మలమడుగు బస్టాండులో అమ్మ ఎదురొచ్చింది. ముఖం చూడలేదు. నా రెండు చేతులు పట్టుకొని, మణికట్ల నుంచి వేళ్ల చివరల దాకా తడిమింది.

"చిన్నోనివి గూడా ఇట్లనే ఉండాయా?"

"ఉండాయి మా. రెండూ ఉండాయి."

"అట్లయితే ఆడనే ఉండమను నాయనా. నన్ను సూడనీకి గూడా రావద్దను."

బస్సు వెళ్లిపోయింది. జనం వెళ్లిపోయారు. అమ్మ నా చేతులు వదల్లేదు.