కొడుకు పాడిన శోకం

సిద్దిపేటలో సతీశ్‌ను గుర్తుపట్టని కుర్రకారు లేరు. మొబైల్ షాపులో అతను స్క్రీన్ గార్డులు అతికిస్తుంటే, వచ్చినవాళ్లు ముందు ముఖం చూస్తారు, తర్వాత సెల్ఫీ అడుగుతారు. షట్టర్ వేశాక మాత్రం అతనితో కూర్చుని చాయ్ తాగేవాడు ఒక్కడూ లేడు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టుకోను తావు లేదన్నట్టుంది అతని బతుకు.

తండ్రి బాలనర్సయ్య బొంబాయి పక్కన భీవండిలో పవర్‌లూమ్ మీద పనిచేసేవాడు, ఏడాదికి రెండుసార్లు ఇంటికి వచ్చేవాడు. తల్లి కొండవ్వ బీడీలు చుట్టేది. ఆ వాడకట్టులో ఎవరు పోయినా ముందు కబురు కొండవ్వకే. శవం కాళ్ల దగ్గర కూర్చుని, పోయిన మనిషి చేసిన పనులు, పడ్డ పాట్లు ఒక్కొక్కటే వరస కట్టి రాగం తీసి ఏడ్చేది. దాన్నే శోకం తీయడం అంటారు. ఎవరి శోకం వాళ్లదే. ఒకరికి తీసిన మాట ఇంకొకరికి తీయకూడదు, చావు లేని ఇంట్లో అసలే తీయకూడదు. పక్కింటి లచ్చవ్వ, కొండవ్వ ముప్పై ఏళ్లు ఒకే అరుగు మీద చాటలు పెట్టుకుని బీడీలు చుట్టారు. "నేను ముందుగాల పోతే నువ్ తియ్యాలె, నువ్ పోతే నేను తీస్త" అని ఇద్దరూ మాట ఇచ్చుకున్నారు. పరాచికానికి అన్నది కాదు.

సతీశ్‌కు వచ్చింది తల్లి గొంతే. డిగ్రీ కాలేజీలో గిటార్ వాయించే వంశీ తోడయ్యాక ఇద్దరూ కలిసి బ్యాండు పెట్టారు. సతీశ్ తాత బట్టలు నేసిన గుంటమగ్గం పేరే దానికి పెట్టుకున్నారు. పోస్టరు మీద ‘సోల్ రాక్’ అని రాసుకుంటే, చూసినవాళ్లు పెండ్లి బారాత్‌కు వస్తారా అని ఫోన్ చేసేవాళ్లు. నాలుగేళ్లు గణేశ్ మండపాల్లో, కాలేజీ ఫంక్షన్లలో గొంతు చించుకున్నా పట్టించుకున్న నాథుడు లేడు.

అప్పుడు బాలనర్సయ్య గుండె ఆగి భీవండిలోనే పోయాడు. అంబులెన్సు వాకిట్లో ఆగగానే కొండవ్వ శోకం అందుకుంది. "సంచి పట్టుకొని పోయినోడివి, సడి లేక వస్తివా నా రాజా..." సతీశ్ జేబులోంచి ఫోను తీసి రికార్డు నొక్కాడు. తండ్రి గుర్తుగా ఉంచుకుందామనే నొక్కాడు, కాదనను. కానీ మూడో రోజుకే దాని కింద గిటార్ ఎక్కడ పడాలో ఆలోచిస్తున్నాడు. అదీ నిజమే.

ఆరు నెలలకు అది పాటైంది. మొదట కొండవ్వ గొంతు, ఆ వెంట సతీశ్ గొంతు, దరువు. తల్లిని ఒక్క మాట అడగలేదు, మన అవ్వే కదా అనుకున్నాడు. లక్షల మంది విన్నారు. హైదరాబాద్, వరంగల్ స్టేజీలు పిలిచాయి. నంగునూరులో ఒక పెండ్లి బారాత్‌లో డీజే వాడు దానికి బీటు కలిపి వదిలితే పెండ్లికొడుకు దోస్తులు ఎగిరెగిరి ఆడారు. ఆ వీడియోను సతీశ్ మురిసిపోతూ తల్లికి చూపించాడు. ఆమె చూసి, కొంగుతో మొహం తుడుచుకుని పొయ్యి కాడికి పోయింది. సంతోషం పట్టలేక అనుకున్నాడు ఈ మొద్దు.

పోయిన ఎండాకాలం లచ్చవ్వ పోయింది. కొండవ్వ వెళ్లి ఆమె కాళ్లు పట్టుకుని కూర్చుంది. "ఒక్క అరుగు మీద..." అని ఎత్తుకుందో లేదో, నలుగురైదుగురు ఫోన్లు లేపారు. ఎవరో పిల్ల "గా పాటల అవ్వ గీమెనే" అని పక్కదానికి చెప్పింది. కొండవ్వ ఆ ఫోన్లను చూసింది, పాడె కడుతున్న కొడుకును చూసింది. కొంగు నోట్లో కుక్కుకుంది. లచ్చవ్వను ఎత్తేదాకా మళ్లీ నోరు తెరవలేదు.

ఆ వారమే సతీశ్ తన ఛానల్ లోంచి పాట తీసేశాడు. తీసేస్తే పోతుందా, అప్పటికే అది ఎంతమంది ఫోన్లలో ఉందో! స్టేజీ మీద కూడా ఇక పాడనన్నాడు. "అది పాడకుంటె మనల్ని పిలిచేటోడెవడు రా?" అని వంశీ అడిగాడు. ఐనా సతీశ్ పట్టు విడవలేదు. వంశీ హైదరాబాద్ పోయి ఇంకో బ్యాండులో చేరాడు, గుంటమగ్గం అంతటితో సరి.

ఇంట్లో కొండవ్వ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. వేళకు అన్నం పెట్టేది, అంతే. తిట్టినా బాగుండేది. ఒక ఆదివారం పొద్దున ఆమె ఒక్కతే అరుగు మీద బీడీలు చుడుతుంటే వెళ్లి ఎదురుగా కూర్చున్నాడు.

"అవ్వా, తప్పైంది. ఏమన్న అనరాదే."

"ఏమనాలె బిడ్డా. గవి మీ బాపుకిచ్చిన మాటలు. నన్నడిగితివా?"

"లే."

"లచ్చవ్వకు మాటిచ్చిన. తీద్దామంటే నా శోకం నాకే పాట లెక్క ఇనొచ్చింది." ఆకు కత్తిరించి చాటలో పెట్టింది. "నేను పోయిన్నాడు నువ్ పాడకు. ఎవ్వలతోని పాడియ్యకు."

"మరి నీకెవలు తీస్తరే?"

"ఎవ్వలు వద్దు. లచ్చవ్వ ఉత్తగనే పోయింది. నేను గూడ ఉత్తగనే పోత."

సతీశ్ సరేనన్నాడు. ఆ ఒక్క మాట నిలబెట్టుకోవడం తప్ప అతని గొంతుకు ఇక వేరే పనేమీ లేదు.