నీలం బేసిన్

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ కొంగ మీద మాత్రం ఒక్కనాడూ విసుక్కోలేదు. మొదటిరోజే చీపురు తిరగేసి తరిమేసుంటే ఎంత బాగుండేదో అని ఇప్పుడు అనిపిస్తోంది.

రాజోలు దగ్గర మా ఊరు. ఇంటి వెనకే మా రొయ్యల చెరువు. ఓరోజు పెరట్లో కొళాయి దగ్గర చేపలు బాగుచేసుకుంటుంటే ప్రహరీ మీద మట్టిరంగు కొంగ ఒకటి వాలింది. గుడ్డికొంగ అంటారు గానీ దాని చూపు చురుకే. ఎడమకాలికి ఓ వేలు లేదు. జాలేసి ఓ చేప తలకాయ విసిరాను. గబుక్కున మింగేసి, ఇంకేదీ అన్నట్టు చూసింది. మర్నాడూ వచ్చింది. నెల తిరిగేసరికి, నా నీలం బేసిన్ అంచు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొడితే చాలు, ఎక్కడున్నా వచ్చి నా మోకాలి పక్కన నిలబడేది.

పక్కింటి అత్తయ్యగారు గోడ మీంచి చూసి నవ్వేవారు.

"ఏమ్మా, మీ చుట్టం వచ్చేరా?"

"ఆయ్, ఇప్పుడే దిగేరండి."

మా ఆయనకి మాత్రం నచ్చేది కాదు. "దాని కొంగజపం చూసి మురిసిపోకు. రేపు చెరువు మీద పడుతుంది," అనేవారు.

"కడుపు నిండినదానికి దొంగతనం ఏం ఖర్మండీ? నా కొంగ చెరువు వైపే చూడదు," అన్నాను. అంత పొగరు నాకు.

ఆ తర్వాత చెరువు మీద పిట్టల బెడద ఎక్కువైంది. గట్ల మీద కర్రలు పాతి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నైలాన్ దారాలు కట్టాం. ఆయన దారం లాగుతుంటే ముళ్ళు నేను వేశాను. నా ముడి జారదని మెచ్చుకున్నారు కూడా. నా కొంగ గురించి భయపడాలని నాకు తోచనే లేదు.

అప్పుడే అమ్మకి కంటి ఆపరేషనంటే అమలాపురం వెళ్ళి నాలుగురోజులు ఉండాల్సొచ్చింది. కొంగకి వేళకి తిండి పడెయ్యమని మా ఆయనకి చెప్పి, ఎలా పిలవాలో కూడా చూపించి వెళ్ళాను.

నేను తిరిగొచ్చేసరికి ఆయన కొళాయి దగ్గర నిలబడి ఉన్నారు. నా చేతిలో సంచి కూడా అందుకోలేదు.

"మూడ్రోజులూ నువ్వు చెప్పినట్టే పెట్టేను. ఇవాళ రొయ్యల మేత బకెట్టు పగిలిపోయింది. నీ బేసిన్‌లో మేత పోసుకుని గట్టు మీదకెళ్ళేను. అడుగున అంటుకున్నది రాలాలని రెండు దెబ్బలు కొట్టేను. ఎక్కణ్ణుంచి చూసిందో, నా దగ్గరికే వచ్చేస్తూ దారాల్లో పడిపోయింది."

కొంగ మీద ఆయన బోర్లించిన గంప ఎత్తి చూశాను. రెక్క విరిగి వేలాడుతోంది. నన్ను చూసి లేవబోయింది. చేపముక్క నోట్లో పెడితే మింగలేక వదిలేసింది. పొద్దు వాలకముందే ప్రాణం పోయింది. కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టాం.

ఎవర్ని తిట్టను? ఆయన ఏ పాపం ఎరగరు. బేసిన్ నాది. ఆ రెండు దెబ్బలూ నేను నేర్పినవి. దారం ముడీ నేను వేసిందే. మనిషి పిలిస్తే తిండి పెట్టడానికేనని దాన్ని నమ్మించింది నేను.

"ఇంకో కొంగ వస్తుందిలే," అన్నారాయన ఓదార్పుగా.

నిజంగానే వచ్చింది. పోయినవారం, ఇంకా పిల్లది, అదే ప్రహరీ మీద వాలి నా చేతుల వైపే చూస్తూ కూర్చుంది. మట్టిబెడ్డ విసిరాను. ఎగిరిపోయి మర్నాడు మళ్ళీ వచ్చింది. మళ్ళీ విసిరాను. ఇప్పుడు చేపల పక్కనే నాలుగు బెడ్డలు పెట్టుకుని కూర్చుంటున్నాను. నిన్న విసిరింది సరిగ్గా దాని రెక్కకి తగిలింది. అరుచుకుంటూ లేచిపోయింది. చేపలు అలాగే వదిలేసి, కొళాయి దగ్గరే కూర్చుని ఏడ్చాను.

ఇవాళ అది రాలేదు.