ఏసీ వేయని పెళ్లికారు

కారు నాది, పెట్రోలు నాది, కాబట్టి ఏసీ మీట మీద హక్కు కూడా నాదేనని గట్టిగా నమ్మిన రోజులవి. ఇప్పుడూ నమ్ముతాను, కాకపోతే ఇంట్లో ఎవరూ వినడం లేదు. అప్పట్లో నేను మైత్రీవనంలో ఒక కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడిని. మగ్గాల ఊరు వదిలి యూసుఫ్‌గూడకు వచ్చి, బట్టలు కుట్టుకుంటూ బతికిన మా కుటుంబంలో సొంత కారు కొన్న మొదటివాడిని నేనే. కారంటే కొత్తదేమీ కాదు, నా దగ్గరికి వచ్చేసరికే రెండు ఇళ్లు మారిన చిన్న బండి. అయినా దాన్ని నేను చూసుకున్నంత శ్రద్ధగా ఎవరూ ఏనుగును కూడా చూసుకుని ఉండరు. టైర్లలో గాలి తగ్గనిచ్చేవాడిని కాదు, డిక్కీలో అనవసరమైన బరువు ఉండనిచ్చేవాడిని కాదు (మా బాపు గొడుగు కూడా దింపేశాను), సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపేసేవాడిని. అన్నిటికీ మించి ఏసీ వేసేవాడిని కాదు. నా సిద్ధాంతం చాలా స్పష్టం: ఊళ్లో మెల్లగా పోయేటప్పుడు అద్దాలు దించుకోవాలి, హైవే మీద వేగంగా పోయేటప్పుడు అద్దాలు మూసి ఏసీ వేసుకోవాలి, ఎందుకంటే ఆ వేగంలో కిటికీలోంచి దూరే గాలి బండిని వెనక్కి లాగుతుంది. ఇందులో తప్పేముంది? చిక్కల్లా ఏమిటంటే, నేను హైవే ఎక్కిన పాపాన పోలేదు. అందుకే చుట్టాలందరూ నా అసలు పేరు మరిచిపోయి ‘మైలేజ్’ అని పిలవడం మొదలుపెట్టారు. వాళ్లు వెక్కిరింతగా పిలిచారు, నేను బిరుదుగా తీసుకున్నాను.

అలాంటి రోజుల్లో మా పెదనాన్న కొడుకు, అంటే మా అన్న పెళ్లి కుదిరింది. మే నెల, పగటి ముహూర్తం, పంజాగుట్టలో ఫంక్షన్ హాలు. పెళ్లికొడుకు కోసం మాట్లాడుకున్న పెద్ద కారు తెల్లవారేసరికి చెడిపోయిందని కబురొచ్చింది. ఇంకో కారు దొరికే వేళ కాదు. అందరి చూపులూ నా బండి మీద పడ్డాయి. నిన్నటిదాకా దాన్ని డబ్బా అన్నవాళ్లే బంతిపూల దండలు తెచ్చి దాని ముక్కుకు కట్టారు. మిగతా చుట్టాలు బస్సులో ముందే వెళ్లిపోయారు. నా పక్కన నాయనమ్మ, వెనక పెళ్లికొడుకు, వాడి పక్కన వాళ్లమ్మ, అంటే మా పెద్దమ్మ కూర్చున్నారు. అన్న పట్టుపంచె, నుదుట బాసికం, బుగ్గన దిష్టిచుక్కతో నిండుగా ఉన్నాడు. మా ఆనవాయితీ ప్రకారం చేతిలో చిన్న కత్తి, దాని మొనకు గుచ్చిన నిమ్మకాయ.

బండి గల్లీ చివరికి రాకముందే మొదలైంది. “అరే మైలేజ్, జర ఏసీ వెయ్యరా,” అన్నాడు అన్న.

“గల్లీ దాటనియ్యే,” అన్నాను.

గల్లీ దాటింది. మెయిన్ రోడ్డు వచ్చింది. రోడ్డు మీద బండ్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని నిలబడి ఉన్నాయి. “గిప్పుడు వెయ్యి మరి,” అన్నాడు.

“జామ్‌ల ఏసీ ఏస్తే ఇంజన్ గరమైతది అన్నా. నడిరోడ్డు మీద బండి ఆగితే నీ లగ్గం ఎట్లయితది?”

ఇది అబద్ధం కాదు. ఆ బండి వయసుకు, ఆ ఎండకు, వేడి చూపించే ముల్లు నిజంగానే పైకి పాకేది. కాకపోతే ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ట్యాంకు పెట్రోలుతో నేను అంతకుముందెన్నడూ పోనంత దూరం పోయాను. రికార్డు బద్దలయ్యే రోజు దగ్గర పడింది. ఇంత దూరం వచ్చాక ఒక పెళ్లి కోసం దాన్ని పాడుచేసుకోవాలా? (ఇప్పుడు చదువుతున్న మీరు నవ్వుతారని తెలుసు. నవ్వుకోండి. రికార్డు మీది కాదుగా.)

“పెండ్లికొడుకురా వాడు, మిర్చిబజ్జి గాదు గిట్ల వేగనీకి,” అంది పెద్దమ్మ, కొంగుతో వాడికి విసురుతూ. కిటికీలోంచి వస్తున్నది గాలి కాదు, పక్కన నిలబడిన లారీ పొగ. ఆ కారులో నా పక్షాన నిలబడింది నాయనమ్మ ఒక్కతే. “ఏసీ గీసీ వద్దు బిడ్డా, నా మోకాళ్లు గుంజుతయ్,” అని, కాళ్లు ముడుచుకుని హాయిగా కునుకు తీసింది.

మైత్రీవనం దగ్గరికి వచ్చేసరికి బండి పూర్తిగా ఆగిపోయింది. కోచింగ్ పిల్లలు పుస్తకాల సంచులతో బండ్ల మధ్యలోంచి దాటుకుంటూ, మా పూల కారు చూసి “ఆల్ ది బెస్ట్ అన్నా!” అని అరిచారు. అద్దంలో వెనక్కి చూశాను. అన్న నుదుటి బొట్టు కరిగి ముక్కు దాకా వచ్చింది. బుగ్గ మీది దిష్టిచుక్క గడ్డం కిందికి జారింది. నాకు జాలి వేసింది, వేయలేదని చెప్పను. కానీ జాలికీ సిద్ధాంతానికీ సంబంధం లేదు.

“ఆఖరుసారి అడుగుతున్న. వేస్తవా, వెయ్యవా?” అన్నాడు.

“వెయ్య.”

అంతే. వెనక తలుపు తెరుచుకుంది. పెళ్లికొడుకు పంచె ఎగ్గట్టి నడిరోడ్డు మీద దిగాడు. “ఒక్క స్టేషనే గద. మెట్రోల పోత. అండ్ల చల్లగుంటది. నువ్వు నీ పెట్రోల్‌ను జూస్కుంట గీడనే కూసో!” అని, బాసికం ఊగుతుండగా బండ్ల సందులోంచి అమీర్‌పేట స్టేషన్ వైపు నడిచాడు. “ఓ బిడ్డా, ఆగురా!” అంటూ పెద్దమ్మ వాడి వెనక పరిగెత్తింది.

నేను కదల్లేదు. కదలడానికి దారి కూడా లేదనుకోండి.

కాసేపటికి పెద్దమ్మ వగరుస్తూ తిరిగొచ్చింది. చేతిలో పెళ్లికత్తి. స్టేషన్‌లో తనిఖీ దగ్గర ఆపేశారట. ఇది మామూలు కత్తి కాదు, పెళ్లికత్తి అని ఈమె చెప్పిందట. “పెండ్లికత్తయినా కోస్తది గదమ్మా,” అని అక్కడి గార్డు ఎంతో మర్యాదగా అన్నాడట. నిమ్మకాయ ఒక్కటీ తీసుకుపోవచ్చట. “అత్తమ్మా, ఇది వట్టు!” అని కత్తిని కిటికీలోంచి నాయనమ్మ ఒళ్లో పడేసి, మళ్లీ మెట్ల వైపు ఉరికింది. (ఏసీ వేసి ఉంటే ఆ కిటికీ మూసి ఉండేదని ఇంతవరకూ ఒక్కరూ ఒప్పుకోలేదు.)

ఆమె అటు వెళ్లగానే ఏమైందో గానీ, ముందున్న బండ్లు గబగబా కదిలాయి. అంతసేపూ కదలని రోడ్డు ఒక్కసారిగా ఖాళీ అయింది. నేను పంజాగుట్ట చేరి, ఫంక్షన్ హాలు గేటులోకి తిరిగాను. పూల కారు కనబడగానే బ్యాండు మోగింది. ఆడపెళ్లివాళ్లు హారతి పళ్లెంతో ఎదురొచ్చారు. పెళ్లికూతురి తమ్ముడు నవ్వుతూ వెనక తలుపు తీశాడు. లోపల రాలిన బంతిపూలు తప్ప ఏమీ లేవు. ముందు తలుపు తీశాడు. బ్యాండు మోతకు అప్పుడే ఉలిక్కిపడి లేచిన నాయనమ్మ, చేతిలో కత్తితో వాడి వైపు చూసింది. ఆ అబ్బాయి ఒక్క గెంతులో హారతి పళ్లెం వెనక్కి పోయాడు.

బ్యాండు ఆగిపోయింది. “పెండ్లికొడుకు ఏడి?” అన్నాడు పెళ్లికూతురి తండ్రి.

“దిగిపోయిండు,” అన్నాను.

ఇంకొంచెం వివరంగా చెప్పాల్సింది. ఆ ఒక్క మాట నాకంటే ముందు హాల్లోకి వెళ్లిపోయింది. పెళ్లికొడుకు దిగిపోయాడట, పెళ్లి వద్దన్నాడట, కత్తులు కూడా లేచాయట. పెళ్లికూతురి తండ్రి మొహంలో రక్తం లేదు. పక్కనున్న కుర్చీ పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. “మామా, ఫికర్ చెయ్యకుండ్రి. మెట్రోల వస్తుండు. ఏసీ కోసం పోయిండు,” అన్నాను. ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తన బిడ్డ బతుకు నడిరోడ్డులో ఆగిపోయిందనుకుంటున్న మనిషికి ఏసీ సంగతి చెబితే ఎలా ఉంటుంది? పంతులు గడియారం చూసుకున్నాడు. నేను గేటు దాకా పోయి రోడ్డు మీదికి చూశాను. రికార్డు ఏమైనా ఫరవాలేదు, వాడొస్తే చాలనుకున్నాను.

అంతలో గేటు బయట ఈలలు వినిపించాయి. స్టేషన్ వైపు నుంచి మా అన్న నడిచి వస్తున్నాడు. మొహం తుడుచుకుని, పెద్దమ్మ చేత బొట్టు మళ్లీ దిద్దించుకుని, చేతిలో నిమ్మకాయతో చల్లగా, తాజాగా ఉన్నాడు. వెనక మెట్రోలో పరిచయమైనవాళ్లు అక్షింతలు వేసిపోతామని బయల్దేరారు. బ్యాండు వాళ్లు అటు పరిగెత్తారు. పెళ్లికూతురి తండ్రి లేచి వెళ్లి అల్లుణ్ణి గట్టిగా కౌగిలించుకున్నాడు. నాయనమ్మ కత్తి తిరిగిచ్చింది. లగ్గం సమయానికే అయింది.

“జూసినవా, ఎంత కూల్‌గ వచ్చిన్నో?” అన్నాడు అన్న, మండపం మీద నుంచే.

“జూసిన. నీకంటే ముందొచ్చిన,” అన్నాను నేను.

సాయంత్రం అప్పగింతలయ్యాక కొత్త వదిన కారెక్కింది. అన్న నోరు తెరిచి “ఏసీ...” అనేలోపే, ఆమె కళ్లు తుడుచుకుంటూ, “జర అద్దం దించుండ్రి, మా అమ్మ కనబడుతలేదు,” అంది. అన్న నోరు మూసుకుని తనే అద్దం దించాడు. గేటు దాటి మలుపు తిరిగేదాకా ఆమె చెయ్యి బయటే ఉంది. ఆ ట్యాంకు రికార్డు ఏమైందని మాత్రం దయచేసి అడగకండి. జామ్‌లో ఇంజన్ తాగినదంతా నా ఖాతాలో రాయడం న్యాయం కాదు.

ఇప్పుడు నా కారు కొత్తది. ఎండలో నిలిపిన బండి తలుపులు తీసి, వేడి గాలిని బయటికి పోనిచ్చాక ఏసీ వేస్తాను. మా ఆవిడా, పిల్లా వెనక చల్లగా నిద్రపోతారు. బుద్ధి వచ్చిందని మా అన్న అందరికీ చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీ. మొన్న మే నెలలో ఒక మధ్యాహ్నం ఒంటరిగా పోతూ పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగాను. ఎందుకో ఏసీ ఆపేసి అద్దం దించాను. పొగ, హారన్లు, మొహానికి కొట్టే వేడి, అన్నీ ఒక్కసారే లోపలికి వచ్చాయి. పక్కనున్న ఆటో అతను జాలిగా చూసి, “ఏమైంది అన్నా, ఏసీ ఖరాబైందా?” అన్నాడు.

“లేదు భాయ్, మస్తుగున్నది. నేనే వెయ్యలే,” అన్నాను.

గ్రీన్ పడింది. చెమట కళ్లలోకి దిగుతుంటే నవ్వొచ్చింది. నాలోని ఆ మొండి పిల్లవాడు ఇంకా ఎక్కడికీ పోలేదు.