కొండ మీది తాళపు ఇల్లు

కిష్టవ్వది జగిత్యాల పక్కన ఒక పల్లె. చిన్ననాటి నుంచి బీడీలు చుట్టిన చేతులు ఆమెవి. భర్త పోయాక, నలభై ఆరో ఏట దుబాయ్ వచ్చింది. ఊళ్లో అందరూ దుబాయ్ అంటారు గానీ ఆమె చేరింది రాస్ అల్ ఖైమాలో, ఉమ్ సైఫ్ అనే ముసలామె ఇంట్లో. యజమానురాలిని ‘మామా’ అని పిలవాలని ఏజెంటు చెబితే, ఆడమనిషిని పట్టుకుని మామా అనడమేమిటని మొదటి వారమంతా నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత ఆ పిలుపే నోటికి అలవాటైంది.

రెండేళ్లు గడిచాక ఉమ్ సైఫ్ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేశారు గానీ మళ్లీ లేచి నడిచింది లేదు. అప్పటినుంచి ఆమెను లేపి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, తల దువ్వడం, అన్నీ కిష్టవ్వే. ఏటా చలికాలంలో కొడుకు సైఫ్ వాళ్లిద్దరినీ కొండల కిందున్న తోటలో దింపేవాడు. తాను పట్నంలో ఉద్యోగం చూసుకుంటూ శని, ఆదివారాలు వచ్చి వెళ్లేవాడు. తోటలో వాళ్లకు తోడు మేకలు కాసే పీరా ఒక్కడే. యాభై దాటిన మనిషి, రాయచోటి వైపువాడు.

పొద్దున్నే ఉమ్ సైఫ్ తన చక్రాల కుర్చీని కొండవైపు తిప్పించుకునేది. పైన, మలుపు వెనుక, ఆమె పుట్టి పెరిగిన ఊరుంది. యాభై ఏళ్ల కిందట అందరూ కిందికి దిగిపోయాక అక్కడ మనుషుల్లేరు. సగం అరబీలో, సగం హిందీలో, మిగతాది చేతులతో ఆమె ఆ ఊరి కథలు చెప్పేది. వాన పడితే కొండమీద మెట్లు మెట్లుగా కట్టిన చేలల్లో గోధుమ చల్లేవారట. ఎండాకాలం రాగానే గింజలన్నీ నేలలోకి దిగిన రాతి ఇంట్లో దాచి, తలుపుకు తాళం పెట్టి, ఖర్జూరపు తోటలకు దిగిపోయేవారట. అందుకే దానికి తాళపు ఇల్లని పేరు.

“మా దిక్కు పాతర లెక్కనే ఉన్నది,” అనుకుంది కిష్టవ్వ. వడ్లు దాచిన గుంటను చేతులతో గీసి చూపిస్తే ముసలామె తల ఊపింది.

పైకి తీసుకెళ్లమని కొడుకును ఆమె చాలాసార్లు అడిగింది. “అక్కడేముందమ్మా, రాళ్లే,” అనేవాడు సైఫ్. అతను పుట్టింది కింద, సముద్రం పక్కన. పైకి ఒక్కసారీ ఎక్కలేదు. పైగా కారు పోయే దారి లేదు, కుర్చీలో మనిషిని మోసుకుపోయే దారి అసలే కాదు.

2023 జనవరిలో ఒకరోజు ఉమ్ సైఫ్ కిష్టవ్వ చెయ్యి పట్టుకుంది. “నువ్వు వెళ్లి చూసి రా. నా ఇల్లు నిలబడి ఉందో లేదో చెప్పు. ఫోన్లో పట్టుకుని రా.”

ముసలామె దగ్గర కూర్చోవడానికి పట్నం ఇంటి నుంచి వంటమనిషి వచ్చే శుక్రవారం చూసుకుని, కిష్టవ్వ తెల్లవారగానే పీరాతో బయల్దేరింది. కాళ్లకు రబ్బరు చెప్పులు చూసి పీరా ఆగిపోయాడు.

“ఆ చెప్పులతో యాడికి ఎక్కుతావక్కా? జారితే ఎముక గూడా దొరకదు.”

“మా కాళ్లకు గుట్టలు కొత్తనా? నడువు నువ్వు.”

అయినా పీరా తన పాత బూట్లు తెచ్చి ఇచ్చేదాకా కదల్లేదు. లోపల గుడ్డలు కుక్కుకుని ఎక్కింది. రెండు గంటలు పట్టింది. ఒకచోట కిందికి చూస్తే తోట అరచేతిలో పట్టేంత ఉంది, అంతకన్నా దూరంగా సముద్రం మెరుస్తోంది. మలుపు తిరగ్గానే చేల గట్లు కనిపించాయి, సున్నం చుక్క లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు. ఎన్ని వానలు చూశాయో, ఎక్కువ భాగం నిలబడే ఉన్నాయి. రేగుచెట్టు కింద ఒక ఇల్లు కనిపించింది. తలుపు లేదు, కప్పు సగం కూలింది. ఆమె చుట్టూ తిరిగి వీడియో తీసుకుంది.

సాయంత్రం ఫోను చూపిస్తే ఉమ్ సైఫ్ కళ్లు చికిలించి చూసి, మొహం చిట్లించింది.

“ఇది నాది కాదు. మా ఆడపడుచుది. దాని ఇల్లు అప్పుడూ ఇంతే, కప్పు కారేది. నాది ఇంకా పైన, రెండు గట్లు దాటాలి.”

కిష్టవ్వకు కాళ్లు పీకుతున్నాయి. అయినా నవ్వొచ్చింది. “మళ్లొక్కసారి పోతా తియ్ మామా.”

ముసలామె నవ్వలేదు. కొండవైపు చూస్తూ నెమ్మదిగా అంది. “ఇంటి వెనక గట్టు చివర చిన్న సమాధి ఉంటుంది. తలవైపు ఒక రాయి, కాళ్లవైపు ఒక రాయి. నా పెద్దకూతురు సలామా. మూడేళ్ల పిల్ల. జ్వరమొచ్చింది. కింద డాక్టరు దగ్గరికి ఒక రోజు నడక. వాళ్ల నాన్న భుజాన వేసుకుని సగం దూరం వెళ్లి, తిరిగొచ్చేశాడు.” ఆగి, “సైఫ్‌కు తెలీదు,” అంది.

కిష్టవ్వ ఆమె కాళ్ల మీద దుప్పటి సర్దింది.

తరువాతి శుక్రవారం ఇల్లు దొరికింది. గోడలు చెక్కుచెదరలేదు. వంగి, మోకాళ్ల మీద పాకి, నేలకన్నా లోతుగా ఉన్న గదిలోకి దిగింది. లోపల చల్లగా ఉంది. మూలన మనిషి నడుమెత్తు మట్టి గోలేలు మూడున్నాయి. కిష్టవ్వ గోలేన్నీ గుమ్మాన్నీ మార్చి మార్చి చూసింది.

“పీరా, ఇవి ఈ తలుపులకెంచి ఎట్ల పట్టినయి?”

“పట్టవక్కా. ముందు కుండలు పెట్టి, వాటి సుట్టూ గోడ కట్టినారంట. దొంగ వచ్చినా ఎత్తుకపోలేడు.”

ఇంటి వెనక గట్టు చివర సమాధి కనిపించింది. రెండు మూరల కన్నా కాస్త పొడవుంటుందేమో. కాళ్లవైపు రాయి పడిపోయి ఉంది. ఇద్దరూ కలిసి దాన్ని నిలబెట్టి, చుట్టూ చిన్న రాళ్లు బిగించారు. పీరా బూట్లు విడిచి, చేతులెత్తి ఫాతిహా చదివాడు. కిష్టవ్వకు ఆ మాటలు రావు. తలమీద గుడ్డ సర్దుకుని, అతను ముగించేదాకా నిలబడింది. తర్వాత సీసాలో మిగిలిన నీళ్లు మట్టి మీద పోసి, ఇంటినీ సమాధినీ ఫోన్లో తీసుకుంది.

దిగేటప్పుడు ఆమె కాలు మడతపడింది. పీరా భుజం పట్టుకుని కుంటుతూ తోటకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గేటు దగ్గర సైఫ్ కారు ఉంది. ఒకరోజు ముందే వచ్చాడు.

“ఎవరినడిగి కొండెక్కావు? పడి చస్తే మీ ఇంటికి నేనేం జవాబు చెప్పాలి?” అన్నాడు హిందీలో.

కిష్టవ్వ తల దించుకుంది. ఇక ఖలాస్, టికెట్ కొట్టి పంపించేస్తాడనుకుంది. ముసలామె పంపిందని చెబితే ఎందుకని అడుగుతాడు. చెప్పకూడని మాట చెప్పాలి. “తప్పయింది బాబా,” అని ఊరుకుంది.

“దాన్ని అనకు,” అంది ఉమ్ సైఫ్ వరండాలోంచి. “నేనే పంపాను. ఇటు వచ్చి కూర్చో.”

తల్లి మాట్లాడుతుంటే సైఫ్ నిలబడే విన్నాడు. కాసేపటికి నేల మీదే కూర్చున్నాడు. కిష్టవ్వ ఫోను వాళ్ల మధ్య పెట్టి లోపలికి వెళ్లింది. కిటికీలోంచి చూస్తే అతను ఆ సమాధి రాళ్ల ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూస్తున్నాడు. తల్లి చెయ్యి అతని తలమీద ఉంది. యాభై ఏళ్ల మనిషికి తనకో అక్క ఉండేదని ఆ రోజు తెలిసింది.

కాలు వాపు తగ్గడానికి పదిహేను రోజులు పట్టింది. తగ్గాక ఒక శనివారం పొద్దున సైఫ్ వచ్చి, కొత్త బూట్ల డబ్బా ఆమె ముందు పెట్టాడు. “యల్లా కిష్టా, దారి చూపించు.”

ఆమె ముందు, అతను వెనక. భారీ మనిషి, పది అడుగులకోసారి ఆగి రొప్పేవాడు. “ఆహిస్తా బాబా,” అంటూ ఆమె కూడా ఆగేది. సమాధి దగ్గర అతన్ని ఒంటరిగా వదిలి దూరంగా రేగుచెట్టు కింద కూర్చుంది. అతను తిరిగొచ్చేసరికి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఇంట్లోకి దిగాక అతనే అడగడం మొదలుపెట్టాడు. గోలేలు లోపలికి ఎలా వచ్చాయి, నేల ఎందుకింత లోతు, ఈ గుండ్రాయి దేనికి? బీడీలు చుట్టిన కిష్టవ్వ తనకొచ్చిన హిందీలో అతని తాతల ఇంటి సంగతులు అతనికి వివరించింది. ఆ గుండ్రాయి గురించి మాత్రం ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. “ఇసుర్రాయి బాబా. మా అమ్మ ఇంట్ల గూడ ఉండె.”

ఉమ్ సైఫ్ ఆ తర్వాత ఏడాదిన్నర బతికింది. అంతవరకూ చలికాలంలో ప్రతి శనివారం కొడుకు పైకెళ్లి రావడం, కింద ఆమెకు చెప్పడం, ఆమె సగం మాటల్ని తప్పని దిద్దడం జరుగుతూనే ఉన్నాయి. ఆమె పోయాక కిష్టవ్వను ఇంటికి పంపేస్తారేమోనని పీరా దిగులుపడ్డాడు గానీ, సైఫ్ పంపలేదు. తోట చూసుకోమన్నాడు.

ఇప్పుడు కొండదారి గురించి తెలిసి దుబాయ్ నుంచి కొండలెక్కే సరదా ఉన్నవాళ్లు వస్తున్నారు. పోయిన డిసెంబరులో అక్కడి కరామా నుంచి భార్గవ్, అలేఖ్య అనే ఆఫీసు ఉద్యోగాల జంట వచ్చి, రాతి ఇంటి ముందు పీరాతో మాట్లాడుతున్న కిష్టవ్వ తెలుగు వినపడి నిలబడిపోయారు.

“మీరు గైడా అండీ?” అంది అలేఖ్య.

“కాదు బిడ్డా, పనిమనిషిని. తల వంచి లోపటికి రా, గుమ్మం తగుల్తది,” అంది కిష్టవ్వ.