బుల్లి ఊపిరి లెక్క

మద్దిలపాలెంలో నేను అద్దెకుంటున్న ఇంటి పక్క వాటాలోకి ఈమధ్య మూతి లోపలికి అణిగిపోయినట్టుండే ఒక పగ్ కుక్క వచ్చింది. మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాలిస్తే గోడ అవతల నుంచి దాని గురక వినిపిస్తుంది. మొన్న అది వింటూ నా జీవితంలో పోయినవాటిని కూడుకున్నాను. గోదాములో ఉద్యోగం ఒకటి, సొంత ఇల్లు ఒకటి, నా భార్య, మా గురువుగారు సింహాచలం గారు, ఆయన కుక్కలు రెండు. మొత్తం ఆరు. ఆరింటిలో ఒక్కదానికి మాత్రం కారణం నేనే.

డెబ్బై ఎనిమిదిలో, చదువు ఏడో తరగతిలోనే ఆగిపోయిన నేను రేవు దగ్గర ఒక గోదాములో బస్తాలు లెక్కపెట్టే పనిలో చేరాను. సింహాచలం గారు అక్కడ హెడ్ గుమాస్తా. కూలీలు ఇద్దరిద్దరుగా బస్తాలు మోసుకొస్తుంటే రెండు బస్తాల జతకొక గీత గీయడం ఆయనే నేర్పారు. సాయంత్రాలు పాత ఊళ్ళోని తన ఇంటికి పిలిచి భిన్నాలు, వడ్డీలెక్కలు చెప్పేవారు. ఆయన భార్య పోయింది, పిల్లలు లేరు. ఓడలో వంటవాడొకడు ఊరు విడిచి వెళ్తూ ఇచ్చిన రెండు పగ్ కుక్కలే ఆయన సంసారం. పెద్దది రాణి, చిన్నది బుల్లి. మా కూలీల మేస్త్రీ ఓసారి వాటిని చూసి, "ఏటి బావా, ఇవి పరిగెట్టుకెళ్ళి గోడకి గుద్దీసుకున్నాయేటి?" అన్నాడు నాతో. గురువుగారు నవ్వలేదు. "దాని మూతి నీకు నవ్వులాటగుంది. దానికేమో గాలే ఆడదు" అంటూ బుల్లి ముఖం ముడతల్ని తడిగుడ్డతో తుడిచారు.

ఊపిరి లెక్క నేర్పింది ఆ రోజే. నా అరచేతిని బుల్లి డొక్క మీద ఆనించి, గడియారం ముందు పెట్టారు. "లేచి పడితే ఒకటి. నిమిషానికి ముప్పై అయితే భయం లేదు. నలభై దాటితే తడిగుడ్డ కప్పి డాట్రు దగ్గరికి ఎత్తుకెళ్ళాల. కళ్ళు మోసం సేత్తాయిరా అప్పన్నా, అంకె సెయ్యదు."

రాణి ముసలిదై పోయాక ఆ ఇంట్లో బుల్లి గురక తప్ప మరో చప్పుడు లేదు. "ఇది గురక ఆపితే నాకు మెలకువొచ్చేత్తాదిరా" అనేవారు.

ఎనభై నాలుగు మే నెలలో కంటి ఆపరేషన్ కోసం ఆయన మూడు రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. బుల్లిని నాకు అప్పగించారు. "నానొచ్చేసరికి అది ఉండాల. అంతే" అన్నారు. మొదటి రోజు ఊపిరి లెక్క ఇరవై ఎనిమిది, రెండో రోజు ముప్పై. మూడో రోజు పొద్దున్నుంచీ బస్తాలు దింపించి, మధ్యాహ్నం మండుటెండలో ఆయన ఇంటికి పరుగున వచ్చాను. బుల్లి నాలుక వేలాడేసి గచ్చు మీద పడి ఉంది. తోక కదపలేదు. ఒక చేయి ఆనించి, రెండో చేతి వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది. నలభై దాటలేదు. దాని కళ్ళు నన్ను వెళ్ళొద్దంటూనే ఉన్నాయి. నేను అంకెను నమ్మాను. నీళ్ళగిన్నె దగ్గరకు జరిపి, తలుపు వేసి పనికి వెళ్ళిపోయాను. నాలుగున్నరకు తిరిగొచ్చి తలుపు తీస్తే గురక లేదు.

మరునాడు కంటికట్టుతో ఉన్న ఆయన్ని రిక్షాలో తీసుకొచ్చి, గుమ్మంలోనే చెప్పేశాను. గోడ తడుముకుంటూ కూర్చున్నారు.

"ఎంతొచ్చింది?"

"ముప్పై ఎనిమిదండి."

"పొద్దున్న బస్తాలు దింపించేవా?"

"దింపించేనండి."

తన వేలొకటి మడిచారు. "జతలెక్కెట్టేసేవురా."

అప్పుడు నా వేళ్ళు గుర్తొచ్చాయి. పొద్దుటి బస్తాల అలవాటులో రెండు ఊపిరులకు ఒక వేలు మడిచాను. వచ్చింది డెబ్బై ఆరు. తిడతారని నిలబడ్డాను.

"జతలెక్క నేర్పింది నానే గదా" అన్నారు.

ఆ తర్వాత పాఠాలకు వెళ్ళలేకపోయాను. ఆయనా పిలవలేదు. గోదాములో పక్కపక్కనే కూర్చుని కాగితాలు అందించుకునేవాళ్ళం. ఒకసారి మాత్రం గోడవైపు చూస్తూ, "రాత్రి నిద్దరట్టలేదు" అన్నారు. నేను తర్వాతి కాగితం అందించాను. రెండేళ్ళకు ఆయనా పోయారు.

నేను మళ్ళీ దేన్నీ జతల్లో లెక్కపెట్టలేదు. "ఒక్కోటీ లెక్కెడితే ఎప్పుడు తెములుతాది బావా!" అని మేస్త్రీ విసుక్కునేవాడు. నా భార్య చివరి రోజుల్లో నర్సు రాసిన అంకెలు బాగానే ఉండేవి. నేను మాత్రం ఆమె ముఖం చూస్తూ మంచం పక్కనే కూర్చున్నాను, ఎక్కడికీ కదల్లేదు. అంత మాత్రం నేర్చుకున్నాను. కానీ ఆ మధ్యాహ్నం నా చేతి కింద బుల్లి తీసిన ఊపిరుల్లో సగం నేను లెక్కలోకి తీసుకోలేదు. అవి ఇంకా దానికి బాకీనే. ముప్పై ఎనిమిది.