నాలుగు తీగల మాస్టారి ఇల్లాలు

నాలుగు తీగల మాస్టారికి పక్షవాతం వచ్చేదాకా ఆయన ఇల్లాలు బుల్లి గిటారులాంటి ఆ యుకెలేలేని దుమ్ము దులిపేటప్పుడు తప్ప ముట్టుకున్న పాపాన పోలేదు. ఆవిడది కుట్టుపని. ముందు గదిలో ఆవిడ మిషను, వెనక గదిలో ఆయన పాఠాలు. మిషను చప్పుడుకి తన పిల్లల తాళం చెడుతోందని ఆయన, పిల్లల టింగుటింగులకి తన కొలతలు తప్పుతున్నాయని ఆవిడ, ఇరవై ఆరేళ్లు పూటకోసారి వాదులాడుకున్నారు. ఆ వాదులాట లేని రోజున వీధిలోవాళ్లు ఒంట్లో బాగాలేదేమోనని వచ్చి పలకరించేవారు.

ఆయన చెవి సంగతి మరీ విడ్డూరం. ఎక్కడో ఒక తీగ వెంట్రుకవాసి జారితే చాలు, కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. అది ఏ పిల్ల వాయిద్యమో వెతికి పట్టుకుని, బిగించి వచ్చేదాకా ముద్ద దిగేది కాదు.

"పెళ్లాం జ్వరంతో మూలిగితే వినపడదు గానీ, ఇదైతే వినపడుతుంది మీకు" అని ఆవిడ దెప్పేది.

ఇప్పుడాయనకు కుడిపక్క పడిపోయింది. మాట పోయింది. "ఏమండీ" అంటే కళ్లు తిప్పుతాడు, కానీ పిలిచిన మనిషెవరో తెలిసే తిప్పుతున్నాడా అంటే చెప్పలేం. "మాట పోయినవాళ్లలో కొందరికి సంగీతం మిగులుతుందమ్మా. బాగా అలవాటైనది వినిపించి చూడండి" అన్నాడు డాక్టరు. ఆ ఒంట్లో తన మనిషి ఇంకా ఉన్నాడో లేడో కనుక్కోవడానికి ఆవిడకు మరో దారి లేదు.

కొత్తగా చేరే పిల్లలకని ఆయన రాసిపెట్టిన నోటుపుస్తకం తీసింది. మెడ మీద అడ్డంగా ఉన్న లోహపు గీతలు ఫ్రెట్లు. తీగను ఫ్రెట్ మీద కాదు, దానికి కాస్త వెనకగా నొక్కాలి. కొన్ని స్వరాలు ఒక్కసారే పలికితే కార్డ్. తీగలన్నిటినీ వేలితో వరసగా మీటడం స్ట్రమ్. తీగల్ని నేల వైపు నుంచి లెక్కపెట్టాలి, గడ్డానికి దగ్గరగా ఉన్నది నాలుగోది.

"ఇదేం లెక్కండీ, తలకిందులుగా" అంది మంచం వైపు తిరిగి. అలవాటు అంత త్వరగా పోతుందా.

అన్నాళ్లు మూలపడి ఉండటంతో నాలుగో తీగ బొత్తిగా వదులైపోయింది. ఫోనులో శ్రుతి చూపించే ట్యూనర్ తెరిచి, దాని మర మెల్లగా తిప్పింది. తెర మీద ఆ తీగ పలకాల్సిన స్వరం 'జి' అని పచ్చగా వెలగగానే ఆపేసింది. ఏళ్ల తరబడి దారం బిగువు చూసిన చెయ్యి కదా, ఈ తీగ ఇంకా వదులుగానే ఉందని వేళ్లకి తెలిసింది. ఫోను కన్నా తనకెక్కువ తెలుసా అని ఊరుకుంది.

సాయంత్రం మంచం పక్కన స్టూలు వేసుకుని సి కార్డ్ పట్టింది. ఒకటే వేలు, మొదటి తీగ, మూడో ఫ్రెట్. బొటనవేలితో మీటింది. దబ్, టింగ్ టింగ్ టింగ్. ఆయన మూతి ఎడమవైపు కాస్త పైకి లేచింది. నవ్వు. ఆవిడ వాయిద్యం ఒళ్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

ఆనాటి నుంచి సాయంత్రాలు బట్టలు కుట్టడం మానేసింది. సూదులకి కాయలు కాసిన వేళ్లే తీగలకి మళ్లీ బొబ్బలెక్కాయి. ఎఫ్ నేర్చుకుంది, ఏ మైనర్ నేర్చుకుంది. మీటిన ప్రతిసారీ ఆయన నవ్వాడు. "ఉన్నారండీ, లోపలే ఉన్నారు, అన్నీ వింటున్నారు" అని కనిపించినవాళ్లందరికీ చెప్పింది. నెల రోజులు ఆవిడ ఆ నవ్వు మీదే బతికింది.

నెల తిరిగాక మాస్టారి పాత శిష్యురాలు చూడటానికి వచ్చింది. ఇప్పుడు తనూ పిల్లలకి పాఠాలు చెబుతోంది. మాస్టారి ఇల్లాలు గర్వంగా సి కార్డ్ వాయించి చూపించింది.

"ఆంటీ, ఒకసారి ఇటివ్వండి" అంది శిష్యురాలు. నాలుగో తీగ మర తిప్పింది, ఇంకా తిప్పింది, చాలాసేపు తిప్పింది. "ఇది పై స్థాయి జి ఉండాలి ఆంటీ. మీరు కింది స్థాయి జి దగ్గరే ఆపేశారు. రెండూ జియే కదా, ట్యూనర్ పచ్చగానే చూపిస్తుంది. కొత్తవాళ్లందరూ చేసేదే."

"ఎంత తేడా ఉంటుందమ్మా?"

"చాలా ఉంటుంది. సంగీతం రానివాళ్లు కూడా పట్టేస్తారు."

ఆవిడ వాయిద్యం తీసుకుని మళ్లీ మీటింది. నాలుగు తీగలూ నిగనిగలాడుతూ పలికాయి. ఆయన నవ్వాడు.

"చూశారా, మాస్టారికి తెలిసిపోయింది" అంది శిష్యురాలు సంబరంగా.

ఆవిడ ముందు గదిలోకి వెళ్లి కత్తెర తెచ్చి, మంచం ఇనప కోడు మీద రెండు దెబ్బలు కొట్టింది. ఆయన నవ్వాడు. అదే మూల, అంతే నవ్వు.

శిష్యురాలు తల దించుకుంది.

"నెల రోజుల నుంచి తప్పు వాయిస్తున్నానమ్మా. నాకు తెలిసిన మనిషైతే మొదటిరోజే తిట్టేవారు" అంది ఆవిడ.