రాజమ్మవ్వ బాన

రాజమ్మ నంద్యాలలో బస్సెక్కినప్పుడు కండక్టరు నవ్వాడంట. ఆళ్లగడ్డలో బానలే దొరకవన్నట్టు, పాతచీరలో చుట్టిన మట్టిబానను దారి పొడుగునా ఒళ్లో పెట్టుకునే కూర్చుంది మరి.

పురిటి ఇళ్లకు పోయి చంటిపిల్లలకు నీళ్లు పోయడమే ఆమె బతుకు. మొగుడు చనిపోయిన ఏడాదే మొదలుపెట్టింది. పీట వేసుకుని కాళ్లు చాపి, బిడ్డను ముంగాళ్ల మీద పడుకోబెట్టి నూనె పట్టించిందంటే, ఎంత గుక్కపట్టే బిడ్డయినా సాంబ్రాణి పొగ వేసేలోపు నిద్రపోవాల్సిందే. ఆమె పేటలో తల్లులూ ఆ కాళ్ల మీద పెరిగినవాళ్లే, ఇప్పుడు వాళ్ల పిల్లలూ అంతే.

అట్లా పెరిగినవాళ్లలో వెన్నెల ఒకతె. పెళ్లయి ఆళ్లగడ్డలో ఉంటోంది. మైక్రోబయాలజీ చదివి కాలేజీలో పాఠాలు చెబుతుంది. మూడు నెలల కూతురు తుమ్మినా ఆమెకు భయమే. అవ్వ పక్కనుంటే ధైర్యంగా ఉంటుందని కబురు పెట్టింది ఆమే. అప్పటికి వానలు ముదిరాయి. నంద్యాలలో డెంగీ జ్వరాలు. ఆళ్లగడ్డలో, వాళ్ల వీధిలో మాత్రం ఎవరికీ లేదు.

అవ్వ వచ్చిన పూటే, బానను లోపల బాగా తోమి పెడతానని వెన్నెల చెయ్యి చాపింది. రాజమ్మ ఇవ్వలేదు.

"లోపల రుద్దగూడదు పాపా. నీళ్లను సల్లగా కాపాడేది ఆ పూతే. మాయమ్మ రుద్దలా, నేనూ రుద్దలా. నిన్ను నా కాళ్లమీద పండేసినప్పుడు ఈ సదువంతా యాడుండె?"

వెన్నెల మొగుడు హరీష్ పకపకా నవ్వాడు. వెన్నెల బానలో చెయ్యి పెట్టి తడిమింది. ఎముకలా ఎండిపోయి ఉంది. ఎండిన బానలో ఏముంటుందిలే అనుకుంది.

బానకు స్నానాల చోటే ఒక మూల ఇచ్చారు, పైన వదులు మూత. బిడ్డ వేన్నీళ్లలో కలిపే చన్నీళ్లు అందులోవే. అడుగు నీళ్లు పారబోయకుండా అవ్వ రోజూ పైపైన నింపుకునేది, ఇంకెవరినీ ముట్టనిచ్చేది కాదు. ఎదురింటి సంధ్యకు ఎనిమిదో నెల. రోజూ వచ్చి ఆ మూల దగ్గరే కూర్చుని స్నానం చూసేది. తన బిడ్డకూ అవ్వే పోయాలని మాట తీసుకుంది.

రెండు వారాలు దాటాక బిడ్డ ఒళ్లు కాలిపోయింది. పాలు పట్టలేదు. రక్తపరీక్షలో డెంగీ అని తేలింది, వెంటనే నంద్యాల తీసుకుపొమ్మన్నారు. కారులో దారంతా రాజమ్మ బిడ్డ పాదాలు పట్టుకుని కూర్చుంది.

ఆస్పత్రిలో బిడ్డ పక్కన కూర్చుని ఉండగా వెన్నెలకు తన పాఠమే గుర్తొచ్చింది. డెంగీ దోమ గుడ్లను నీళ్ల అంచుకు కాస్త పైన, తడిగోడకు అంటిస్తుంది. నీళ్లు ఎండినా అవి నెలల తరబడి చావవు, మళ్లీ తడి తగిలితే పురుగులై లేచి, వారం పది రోజుల్లో దోమలవుతాయి. తల్లిదోమలోని వైరస్ ఎప్పుడో అరుదుగా గుడ్లలోకీ దిగుతుంది. బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పిన పాఠం అది. చెప్పిన చెయ్యే ఎండిన బానను తడిమి వదిలేసింది.

హరీష్‌ను ఇంటికి పంపి బాన చూడమంది. "నీళ్లలో పురుగులు మెలికలు తిరుగుతాండాయి," అన్నాడు ఫోన్లో.

ప్లేట్లెట్లు పడిపోయాయి, ఆగాయి, మెల్లగా లేచాయి. బిడ్డ మళ్లీ రొమ్ము పట్టిన రోజు రాజమ్మ వరండాలో అడిగింది.

"పాపా, నేనే తెచ్చినానా?"

"చెప్పలేమవ్వా. బస్సులో జరమున్నోళ్లు ఎవరన్నా తెచ్చుండొచ్చు. ఈడుండే దోమ వాళ్లను కుట్టి, మనోళ్లను కుట్టినా వస్తాది."

"బస్సులో నేనూ ఉంటి గదా, బాన పెట్టుకోని."

ఆస్పత్రి నుంచి ఆమె ఆళ్లగడ్డకు రాలేదు, గుడ్డల సంచి కోసం కూడా. పేటలో ఎవరు పిలిచినా నీళ్లు పోయడానికి పోవడం లేదని తెలిసింది. వెన్నెల బానను ఇటుకపొడితో తోమి, మరిగే నీళ్లు పోసి, పెరట్లో బోర్లించింది. పగలగొట్టడానికి చెయ్యి రాలేదు. పొద్దున్నే లేచి దాన్ని ఎత్తి, లోపలి గోడను వేలితో తడుముతుంది. పగటిపూట చెవి పక్కన గుయ్‌మంటే చాలు, బిడ్డ మీద వంగి కాళ్లూ చేతులూ వెతుకుతుంది.

రోజూ సాయంత్రం అయ్యేసరికి రాజమ్మ ఫోను. బిడ్డ ఎట్లుందని తరువాత. ముందు అడిగేది ఒకటే, మీ వీధిలో ఇంకెవరికన్నా జరమొచ్చిందా అని. లేదనేది వెన్నెల. అది నిజమే.

ఈరోజు ఫోను మోగినప్పుడు వెన్నెల గుమ్మంలో నిలబడి ఉంది. ఎదురింటి ముందు కారు ఆగి ఉంది. జ్వరంతో వణుకుతున్న సంధ్యను దుప్పటి కప్పి ఎక్కిస్తున్నారు, పొట్ట కింద చేతులు పెట్టి పట్టుకుని.

"ఎవరికన్నా జరమొచ్చిందా పాపా?"

"లేదవ్వా."

కారు నంద్యాల వైపు తిరిగింది.

"సంధ్యకు నెలలు నిండినాయేమో గదా," అంది రాజమ్మ. "ఎట్లుంది ఆ పిల్ల?"